టోటల్ కౌంట్ నార్మలే, మరి లింఫోసైట్లు? కీమో, రేడియేషన్ మన రక్షక కణాల మీద చూపే ప్రభావంలో తేడాలు, ఎంపిక వచ్చినచోట చూసుకోవలసినవి

రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న మా పిన్ని ఫైలులో రెండు కాగితాలున్నాయి. మొదటిది రెండో కీమో ఎక్కించిన పదకొండో రోజుది. టోటల్ కౌంట్ (రక్తంలో తెల్లకణాల మొత్తం సంఖ్య) 1,900. ల్యాబ్ వాళ్లు ఆ అంకె కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసి, ఫోన్ కూడా చేశారు. ఇల్లంతా గగ్గోలు. రెండోది రేడియేషన్ చివరి వారంలోది. టోటల్ కౌంట్ 4,300. నార్మల్ అని అందరం ఊపిరి పీల్చుకుని కాగితాన్ని ఫైల్లో దోపేశాం. దాని అడుగున లింఫోసైట్లు (తెల్లకణాల్లో ఒక రకం) 14 శాతం అని ఉంది. లెక్క కడితే 602. వైద్యం మొదలుపెట్టిన రోజున ఆవిడకి అవే కణాలు రెండు వేలకు పైగా ఉన్నాయి.

ఆ అంకె ఎవరికీ కనబడలేదు. నాకు కనబడింది ఆరు నెలల తర్వాత, పిన్నికి నడుం చుట్టూ సర్పి లేచి, నిద్రలేని రాత్రులు మొదలయ్యాక, పాత రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నప్పుడు.

"కీమోతో ఇమ్యూనిటీ ఎక్కువ పోతుందా, కరెంటు పెడితే ఎక్కువ పోతుందా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మా వైపు ఊళ్లలో రేడియేషన్‌ను ఇప్పటికీ కరెంటు పెట్టడం అనే అంటారు. ఈ ప్రశ్నకు నా జవాబు ఆ రెండు కాగితాలే. కీమో తవ్వేది గొయ్యి. లోతైనదే, కానీ ఏ రోజున తవ్వుతుందో, ఏ రోజున పూడుతుందో ముందే తెలుస్తుంది. రేడియేషన్ చేసేది చెరువు గట్టుకు చిన్న గండి. చప్పుడు చేయదు, టోటల్ కౌంట్‌లో కనబడదు, పూడటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. రెండింటినీ కలిపి "ఇమ్యూనిటీ తగ్గుతుంది" అనేస్తే దేనికి ఎప్పుడు జాగ్రత్త పడాలో తెలియకుండా పోతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. చాలా క్యాన్సర్లలో ఇవి ఒకదానికి బదులు ఒకటి ఎంచుకునే సరుకులు కావు. కీమో ఒళ్లంతా తిరిగే మందు. రేడియేషన్ ఒక చోటికి గురిపెట్టే కిరణం. డాక్టరు రెండూ కావాలన్నారంటే రెండూ చేసే పనులు వేరు కాబట్టి. "కౌంట్ పడిపోతుందట, కీమో వద్దు, కరెంటు ఒక్కటే పెట్టించండి" అని బేరమాడితే తగ్గేది ఖర్చో భయమో కాదు, బతికే అవకాశం. అయితే నిజంగా రెండు దార్లుండే చోట్లూ కొన్ని ఉన్నాయి. వాటి దగ్గరకు వస్తాను.

మిల్లు ఆగితే కొట్టు ఎన్నాళ్లు నడుస్తుంది?

తెల్లకణాల్లో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. బాక్టీరియా లోపలికి రాగానే మొదట పరుగెత్తేవి ఇవే. రక్తంలో వీటి ఆయుష్షు గంటల్లోనే, మహా అయితే కొద్ది రోజులు. అందుకని ఎముకల్లోని మూలుగ వీటిని రోజుకు పదివేల కోట్లకు అటూ ఇటూగా తయారుచేస్తూనే ఉండాలి. (మటన్ కూరలో నల్లి ఎముక జుర్రితే వచ్చేదే మూలుగ. డాక్టర్లు ఎముక మజ్జ అంటారు.)

కీమో మందుల్లో ఎక్కువ భాగం వేగంగా విభజన చెందే కణాలను కొడతాయి. మూలుగలో తయారీలో ఉన్న పిల్ల కణాలు అలాంటివే. అవి చచ్చిపోతాయి. కానీ అప్పటికే తయారై ఉన్న సరుకు ఉంటుంది. మిల్లు ఆగినా కొట్లో బస్తాలుంటే వారం నడుస్తుంది కదా, అలాగ. అందుకే కీమో ఎక్కించిన మర్నాడు కౌంట్ బాగానే కనబడుతుంది. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య అడుగంటుతుంది. మూలుగలోని మూలకణాలు మాత్రం ఎక్కువ సమయం నిద్రలో ఉంటాయి కాబట్టి మందు వాటిని అంతగా తాకదు. అవి మిల్లును మళ్లీ నడిపిస్తాయి. మూడు వారాలకు కౌంట్ తిరిగొస్తుంది. కీమోకి కీమోకి మధ్య 21 రోజులు పెట్టడంలో ఉన్న లెక్క ప్రధానంగా ఇదే.

పిన్ని మొదటి నాలుగు కీమోలు డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపినవి. మొదటిది ఎర్రగా ఉంటుంది కాబట్టి వార్డులో అందరూ ఎర్ర మందు అంటారు. పదకొండో రోజున 1,900లో న్యూట్రోఫిల్స్ 28 శాతం. అంటే 532. ఇరవై ఒకటో రోజున 3,120. గొయ్యి తవ్వింది, పూడింది.

లింఫోసైట్ల కథ వేరు. టీ కణాలు, బీ కణాలు ఇందులోవే. పాత జబ్బులను గుర్తుపెట్టుకునేవి, వైరస్‌ను అదుపులో ఉంచేవి, టీకాల ఫలితాన్ని మోసేవి ఇవి. కొన్ని ఏళ్ల తరబడి బతుకుతాయి. చాలావరకు విశ్రాంతిగా ఉంటాయి, విభజన చెందవు. మామూలుగా విభజన చెందని కణం రేడియేషన్‌ను బాగా తట్టుకుంటుంది. లింఫోసైట్ మాత్రం ఈ సూత్రానికి వింత మినహాయింపు. కొద్దిపాటి కిరణం సోకినా తనలోని ఆత్మహత్య ఏర్పాటును తనే మీట నొక్కి చచ్చిపోతుంది. ఒకటి రెండు గ్రేలు (రేడియేషన్ డోసును గ్రేల్లో కొలుస్తారు) తగిలితే సగం పోతాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే డోసు 40 గ్రేలు, మెదడు గడ్డకు 60.

"రొమ్ముకో మెదడుకో పెట్టిన కరెంటుకి ఒంట్లో ఉన్న కణాలెందుకు చావాలి?" అని నేనూ అడిగాను. రక్తం ఆగి ఉండదు కదా. మెషీన్ నడిచే ఆ కొద్ది నిమిషాల్లో గుండె, ఊపిరితిత్తులు, పెద్ద రక్తనాళాల గుండా పోయే రక్తమంతా ఆ కిరణాల కింద తడిసి వెళుతుంది. మెదడు గడ్డకు 30 రోజుల రేడియేషన్ ఇస్తే ఏమవుతుందో లెక్కగట్టి 2013లో ప్రచురించారు. ఒక్క రోజు సిట్టింగ్‌లో రక్తంలోని 5 శాతం కణాలకే అర గ్రే దాటి తగులుతుంది. 30 రోజులయ్యేసరికి 99 శాతం కణాలకు తగిలేసి ఉంటుంది. అంటే రోజుకు ఎంత డోసు అన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని రోజులు అన్నదీ అంత ముఖ్యం. ఎంపికల దగ్గర ఈ మాట పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

పూడటం ఎందుకు ఆలస్యమంటే, కొత్త టీ కణాలకు బడి లాంటిది థైమస్ అనే గ్రంథి. వయసుతో పాటు అది కుంచించుకుపోతుంది. యాభై దాటినవాళ్లలో కొత్త బ్యాచ్‌లు బహు తక్కువ. మిగిలిన పాతవే పిల్లల్ని పెట్టుకుని సంఖ్య పెంచుకోవాలి.

కీమో లింఫోసైట్లను వదిలిపెడుతుందని అనుకోవద్దు. బీ కణాలు కీమోలో బాగా తగ్గి, మళ్లీ మామూలుకు రావడానికి నెలలు పడుతుంది. టీ కణాల్లో సీడీ4 రకం అంతకంటే నెమ్మది. పిన్నికి రేడియేషన్ మొదలయ్యేనాటికే లింఫోసైట్లు 2,000 నుంచి 1,300కు దిగి ఉన్నాయి. రేడియేషన్ వాటిని 602కు దించింది. అదే సమయంలో న్యూట్రోఫిల్స్ మూడు వేలకు పైనే ఉండటంతో టోటల్ మామూలుగా కనబడింది. మోసం అక్కడే ఉంది.

అందుకే రిపోర్టు చేతికి రాగానే టోటల్‌తో ఆగకండి. టోటల్ కౌంట్‌ను న్యూట్రోఫిల్ శాతంతో గుణించి నూటితో భాగించండి. డాక్టర్లు ఏఎన్‌సీ అనేది అదే. 1,500 పైన ఉంటే సాధారణంగా తర్వాతి మూడు వారాల కీమోకు పచ్చజెండా. 1,000 కంటే తక్కువైతే జాగ్రత్త. 500 దిగితే ప్రమాదం. లింఫోసైట్ శాతంతోనూ అదే లెక్క కట్టండి. వెయ్యికి పైన ఉండటం మామూలు. 500 కంటే దిగితే దాని గురించి డాక్టరు ఏదో ఒకటి చెప్పేదాకా లేవకండి.

రిపోర్టును తారుమారు చేసేవి రెండున్నాయి. కీమోకు ముందు వాంతులు, ఎలర్జీ రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ న్యూట్రోఫిల్స్‌ను రక్తనాళాల గోడల నుంచి ఊడబెరికి రక్తంలోకి తెస్తుంది, లింఫోసైట్లను తగ్గించి చూపిస్తుంది. ఆ రెండు మూడు రోజుల్లో చేయించిన సీబీసీని (రక్తకణాల లెక్క పరీక్షను) నమ్మలేం. రెండోది కౌంట్ పెంచే ఇంజెక్షన్. దాని తర్వాత టోటల్ 30,000 వచ్చిందని మా బాబాయి ఇన్ఫెక్షనేమోనని హడలిపోయాడు. అది మందు పని.

అసలు ఈ మందులు పుట్టిందే ఇలా

చిన్న పక్కదారి. కీమో వల్ల తెల్లకణాలు పడిపోవడాన్ని మనం దుష్ఫలితం అంటాం. చరిత్రలో అది ముందు వచ్చింది, క్యాన్సర్ మందు తర్వాత పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో మస్టర్డ్ వాయువు సోకిన సైనికుల్లో తెల్లకణాలు అడుగంటాయని, మూలుగ ఎండిపోయిందని వైద్యులు చూశారు. లింఫు కణాలను అంతగా చంపే పదార్థం లింఫు గడ్డల క్యాన్సర్‌ను చంపదా అని ఆలోచించి, 1942లో అమెరికాలోని యేల్‌లో గుడ్‌మన్, గిల్మన్ నైట్రోజన్ మస్టర్డ్‌ను తొలిసారి రోగికి ఇచ్చారు. ఇవాళ్టి సైక్లోఫాస్ఫమైడ్ ఆ వంశంలోదే.

ఇంకో వంశానికి మూలపురుషుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం తెచ్చి 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌లో పెద్ద డోసులో కణాలను చంపే ఆ మందునే ఇవాళ కీళ్లవాతానికి వారానికొకసారి చిన్న బిళ్లగా ఇస్తున్నారు, రెచ్చిపోయిన రోగనిరోధక వ్యవస్థను చల్లబరచడానికి. డోసు మారితే పనే మారిపోతుంది. "కీమో" అన్న ఒక్క పేరు కింద ఎన్ని రకాల దెబ్బలున్నాయో ఇది చూస్తే తెలుస్తుంది.

అన్ని కీమోలూ ఒకటి కావు

డోసిటాక్సెల్ న్యూట్రోఫిల్స్‌ను నిలువునా పడగొడుతుంది, వారం తిరిగేసరికి అడుగు. కార్బోప్లాటిన్ ప్లేట్‌లెట్ల మీద పడుతుంది, దాని గొయ్యి మూడో వారందాకా ఆలస్యం కావచ్చు. సిస్ప్లాటిన్ మూలుగను కాస్త వదిలి కిడ్నీల మీద, చెవుల మీద పడుతుంది. విన్‌క్రిస్టిన్, బ్లియోమైసిన్ మూలుగను పెద్దగా ముట్టవు, మొదటిది నరాలను, రెండోది ఊపిరితిత్తులను పట్టుకుంటుంది.

లింఫోసైట్ల వైపు చూస్తే భయపడవలసినవి ఫ్లుడరబిన్, బెండమస్టిన్. టీ కణాలను నెలల తరబడి లేవనివ్వవు. అందుకే వాటితో పాటు ఒక రకం న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ బిళ్ల రాసే అలవాటు. ఫ్లుడరబిన్ పడ్డవాళ్లకు రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి. రిటక్సిమాబ్ కీమో కాకపోయినా లింఫోమాలో కీమోతోనే ఇస్తారు. బీ కణాలను ఆరు నెలల పైన తుడిచిపెట్టేస్తుంది. అది మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బీ పరీక్ష చేయకపోతే నిద్రపోతున్న వైరస్ ఉంటే అది లేచి కాలేయాన్ని మింగేయవచ్చు. పరీక్ష చేశారా అని అడగడానికి మొహమాటం వద్దు.

మెదడు గడ్డల్లో రేడియేషన్‌తో పాటు రోజూ మింగే టెమొజొలమైడ్ కూడా లింఫోసైట్ల జాబితాలోదే. దానికీ కోట్రైమాక్సజోల్ జత.

నిజంగా ఎంపిక ఉండే చోట్లు

రొమ్ము క్యాన్సర్‌లో ఎర్ర మందు నాలుగు సార్లు అయ్యాక తరచుగా ఒక కూడలి వస్తుంది. వారం వారం పాక్లిటాక్సెల్ పన్నెండు సార్లా, మూడు వారాలకోసారి డోసిటాక్సెల్ నాలుగు సార్లా? పెద్ద పరీక్షలో ఈ రెండూ మూడు వారాల పాక్లిటాక్సెల్ కంటే మెరుగనిపించుకున్నాయి. తేడా ఇబ్బందుల్లో ఉంది. డోసిటాక్సెల్‌తో కౌంట్ పడి జ్వరం రావడం చాలా ఎక్కువ. వారం పాక్లిటాక్సెల్‌తో కౌంట్ దాదాపు నిలకడగా ఉంటుంది, కానీ అరికాళ్లు, వేళ్లు తిమ్మిర్లెక్కి చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమయ్యేది దీనితోనే ఎక్కువ.

నా ఉద్దేశం: ఇంటికి గంట దూరంలో ఆసుపత్రి ఉంటే, వయసు అరవై దాటితే, అర్ధరాత్రి జ్వరమొస్తే తీసుకెళ్లే మనిషి ఇంట్లో లేకపోతే, వారం మందు వైపే మొగ్గుతాను. షుగర్ వల్ల ముందే కాళ్లు తిమ్మిర్లున్నవాళ్లు, కుట్టుపని చేసి బతికేవాళ్లు రెండోసారి ఆలోచించుకోవాలి. పిన్ని తణుకు నుంచి విజయవాడకు పన్నెండు వారాలు బస్సులో తిరిగింది. పచ్చి మాటలో చెప్పాలంటే నడుం పడిపోయింది. కౌంట్ మాత్రం పడలేదు.

డోసిటాక్సెల్ వైపు వెళితే కౌంట్ ఇంజెక్షన్ గురించి ముందే మాట్లాడుకోవాలి. కౌంట్ పడి జ్వరం వచ్చే అవకాశం 20 శాతం దాటే కీమోలకు మొదటి విడత నుంచే ఈ ఇంజెక్షన్ ఇవ్వాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి. ఇందులోనూ రెండు రకాలు. ఫిల్‌గ్రాస్టిమ్ రోజుకొకటి, కొన్ని రోజుల పాటు. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ కీమో అయిన 24 గంటలు దాటాక ఒక్కటే. ఒక్క ఇంజెక్షన్ ధర ఎక్కువనిపిస్తుంది. కానీ రోజువారీ దానికి ఆటో ఖర్చు, కాంపౌండరు ఖర్చు, మే నెల ఎండలో ఐస్ డబ్బాలో పెట్టి మోసుకెళ్లే తంటా కలిపితే తేడా చాలా తగ్గుతుంది. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2001లోనే ఫిల్‌గ్రాస్టిమ్‌ను గ్రాఫీల్ పేరుతో తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి కాబట్టి విదేశీ బ్రాండు కోసం పట్టుబట్టనక్కర్లేదు. వారం వారం ఇచ్చే కీమో మధ్యలో పెగ్ రకం పనికిరాదు, తర్వాతి కీమోకు పద్నాలుగు రోజుల ఎడం కావాలి. ఛాతీకి కీమో, రేడియేషన్ ఒకేసారి నడిచేటప్పుడు మామూలుగా ఈ ఇంజెక్షన్లు వాడరు.

ఇది పడ్డాక నడుం, తుంటి ఎముకలు విరిగిపోతున్నట్టు నొప్పి రావచ్చు. మూలుగ పని చేస్తోందన్నమాట. పారాసిటమాల్ వేసుకోవచ్చు, కానీ థర్మామీటరు పెట్టి చూశాకే. జ్వరాన్ని బిళ్లతో కప్పేస్తే రావలసిన హెచ్చరిక రాదు.

ఈ ఇంజెక్షన్ లింఫోసైట్లను లేపదు. వాటిని లేపే మందు రోజువారీ వైద్యంలో లేదు. కాబట్టి రేడియేషన్ వైపు ఎంపిక ఉంటే, నష్టం జరగకుండా చూసుకోవడం తప్ప తర్వాత సరిచేసేదేమీ ఉండదు.

ఆ ఎంపిక రోజుల సంఖ్యలో ఉంది. రొమ్ముకు ఒకప్పుడు ఐదు వారాలు, 25 సిట్టింగ్‌లు. తర్వాత మూడు వారాల్లో 15 సిట్టింగ్‌లు, 40 గ్రేలు. 2020లో బ్రిటన్‌లో ఫాస్ట్ ఫార్వర్డ్ పరీక్ష ఐదేళ్ల ఫలితాలు వచ్చాయి. ఒకే వారంలో ఐదు సిట్టింగ్‌ల్లో 26 గ్రేలు ఇస్తే జబ్బు అదుపు మూడు వారాల దానికి తీసిపోలేదని తేలింది. రక్తం ఎన్నిసార్లు కిరణాల కింద తడుస్తుందన్న లెక్క గుర్తుంది కదా. సిట్టింగ్‌లు తగ్గితే లింఫోసైట్లకు తగిలే దెబ్బా తగ్గుతుంది. లాడ్జి అద్దె కూడా. చంకలో గడ్డలకు కూడా పెట్టాలన్నా, రొమ్మును తిరిగి నిర్మించుకున్నా ఐదు రోజుల పద్ధతి అందరికీ కుదరదు. 25 రోజులు అన్నచోట మాత్రం "15 రోజుల్లో ఎందుకు కుదరదు" అని అడగడంలో తప్పు లేదు.

సిట్టింగ్‌ల సంఖ్య ఒక్కటే కాదు, ఎక్కడ పెడుతున్నారన్నదీ చూడాలి. స్వరపేటికలో చిన్న గడ్డ, చర్మం, కాలు చెయ్యి అయితే రక్తకణాలకు నష్టం చాలా తక్కువ. ఊపిరితిత్తి, అన్నవాహిక, పాంక్రియాస్ అయితే దారిలో గుండె, పెద్ద నాళాలు, ప్లీహం ఉంటాయి. అన్నవాహిక క్యాన్సర్‌లో ప్రోటాన్ రేడియేషన్ ఇచ్చినవాళ్లలో లింఫోసైట్లు తక్కువగా పడ్డాయని గమనించారు. చెన్నైలో, ముంబయి టాటా కేంద్రంలో ఆ యంత్రాలున్నాయి. కానీ లింఫోసైట్ల కోసమే పొలం అమ్ముకుని ప్రోటాన్‌కు వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. లింఫోసైట్లు మిగలడం, మనిషి ఎక్కువకాలం బతకడం ఒకటే అని ఇంకా ఎవరూ నిరూపించలేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతి విడిగా చెప్పాలి, మన ఆడవాళ్లలో ఇది ఎక్కువ కాబట్టి. అక్కడ కటి భాగానికంతా ఐదు వారాలు రేడియేషన్, వారానికొకసారి సిస్ప్లాటిన్, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. పెద్దవాళ్లలో పనిచేసే మూలుగలో పెద్ద వాటా కటి ఎముకల్లో, నడుం పూసల్లోనే ఉంటుంది. కిరణం అక్కడే పడుతుంది, మందు కూడా అప్పుడే పడుతుంది. అంటే గొయ్యి, గండి రెండూ ఒకేచోట. మూడో నాలుగో వారంలో కౌంట్ పడి సిస్ప్లాటిన్ ఒక వారం ఆపారని వింటుంటాం, కారణమిదే. ఐఎంఆర్‌టీ (కిరణాల తీవ్రతను చోటును బట్టి మార్చుకునే) పద్ధతిలో మూలుగను వీలైనంత తప్పించేలా ప్లాన్ చేస్తే న్యూట్రోఫిల్స్ పడటం తగ్గుతుంది. "ఐఎంఆర్‌టీ ఉందా, మూలుగను తప్పించేలా గీస్తారా" అన్నది అడగదగ్గ ప్రశ్న. లేదన్నా మానేయొద్దు. పాత పద్ధతిలో సమయానికి పూర్తయిన వైద్యం, కొత్త యంత్రం కోసం రెండు నెలలు ఆగిన వైద్యం కంటే మేలు.

హాడ్జ్‌కిన్ లింఫోమా తొలి దశలో ఎంపిక నిజంగా కీమోకి, రేడియేషన్‌కి మధ్యే వస్తుంది. రెండు విడతల ఏబీవీడీ (నాలుగు మందులు కలిపిన) కీమో, ఆపైన 20 గ్రేల రేడియేషన్ ఒక దారి. పెట్ స్కాన్ శుభ్రంగా వస్తే రేడియేషన్ మానేసి కీమోతోనే ముగించడం ఇంకో దారి. రెండో దారిలో జబ్బు తిరగబెట్టే అవకాశం కాస్త ఎక్కువ, బతికి ఉండేవాళ్ల సంఖ్యలో తేడా కనబడలేదు. పాతికేళ్ల అమ్మాయికి ఛాతీ మీద రేడియేషన్ అంటే ఇరవై ఏళ్ల తర్వాత రొమ్ము క్యాన్సర్ లెక్క కూడా వేసుకోవాలి. ఇక్కడ తూకం వేయాల్సింది అది, కౌంట్ కాదు. ఆశ్చర్యమేమిటంటే ఏబీవీడీలో న్యూట్రోఫిల్స్ దారుణంగా పడినా చాలా కేంద్రాల్లో మందు ఆపరు, ఇంజెక్షన్ ఇవ్వరు, సమయానికే ఎక్కిస్తారు. అందులో జ్వరాలు తక్కువని అనుభవం. పక్క బెడ్‌లో ఆపారు, మాకు ఆపలేదేంటని పోట్లాడేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇమ్యునోథెరపీ కూడా రాసి ఉంటే

లింఫోసైట్లను చంపే ఈ రెండు వైద్యాలే ఇంకోవైపు వాటిని నిద్రలేపుతాయి కూడా. రేడియేషన్‌తోనో, డాక్సోరూబిసిన్, ఆక్సాలిప్లాటిన్ లాంటి మందులతోనో చచ్చే గడ్డ కణం పోతూ పోతూ ప్రమాద సంకేతాలు విడుదల చేస్తుంది. వాటిని చూసి రక్షక కణాలు ఆ గడ్డను గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. మూడో దశ ఊపిరితిత్తి క్యాన్సర్‌లో కీమో, రేడియేషన్ ముగిశాక ఏడాది పాటు డర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (క్యాన్సర్ మీదకు మన రక్షక కణాలనే ఉసిగొల్పేది) ఇస్తే ఫలితం మెరుగని 2017లో పసిఫిక్ పరీక్ష చూపింది. అదే మందును రేడియేషన్ నడుస్తుండగానే కలిపి ఇచ్చినప్పుడు ప్రయోజనం రాలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మాత్రం పెంబ్రోలిజుమాబ్ అనే అలాంటి మందునే కలిపి ఇస్తే ఉపయోగపడింది. ఎక్కడ ఏ వరుస పనిచేస్తుందన్నది జబ్బును బట్టి ఉంది. మీ డాక్టరు "ముందు ఇది కానివ్వండి, ఆ తర్వాత అది" అంటే కాలయాపన అనుకోకండి.

జాగ్రత్తలకు క్యాలెండరు

కీమోలో ఉన్నవాళ్లకు ఏడు నుంచి పద్నాలుగో రోజు దాకా క్యాలెండరు మీద గీత గీయండి. ఆ రోజుల్లో పెళ్లిళ్లు, తీర్థాలు, గృహప్రవేశాలు వద్దు. జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి, క్యాజువాలిటీలో "కీమోలో ఉన్న మనిషి" అన్న మాటే ముందు చెప్పండి. చీము లేదు, వాపు లేదు, గొంతు ఎర్రగా లేదు కాబట్టి ఫర్వాలేదనుకోవడం పెద్ద పొరపాటు. చీమంటే చచ్చిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు చీమెక్కడి నుంచి వస్తుంది? జ్వరమొక్కటే సాక్ష్యం.

రేడియేషన్ తర్వాత క్యాలెండరు వారాలది కాదు, నెలలది. అక్కడ బాక్టీరియా కంటే ఒంట్లో దాక్కున్న పాత శత్రువులతో పని. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ సర్పిగా లేస్తుంది. క్షయ సోకి మానినవాళ్లకు అది తిరగబెట్టవచ్చు, రెండు వారాలు మించిన దగ్గును తేలిగ్గా తీసుకోవద్దు. ఒక పక్కనే మంట, నీటి పొక్కుల వరుస కనబడితే మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితేనే దాని ఫలితం బాగుంటుంది. మేం నాలుగో రోజున పసరు మందు దగ్గరకు తీసుకెళ్లాం. ఆ తప్పు మాది.

టీకాల్లో జీవం ఉన్నవి వైద్యం జరుగుతుండగా వద్దు, కీమో ముగిశాక కనీసం మూడు నెలలు ఆగాలి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా జీవం లేనివి. వీలుంటే కీమోకు రెండు వారాల ముందు. సర్పికి జీవం లేని టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, ధర మాత్రం కళ్లు తిరిగేలా ఉంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పచ్చివేవీ తినకూడదనే కఠిన పథ్యంతో ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు పరీక్షల్లో తేలలేదు. కడిగి తొక్క తీసిన పండు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, వేడిగా వండిన కూర చాలు. బండి మీద కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు, చెరకురసం, పానీపూరీ వద్దు. ఇమ్యూనిటీ పెంచుతుందని తిప్పతీగ కషాయం తెచ్చిపెట్టే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అది వాడి కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు వైద్యులే నమోదు చేశారు. కీమో మందుల్లో చాలావాటిని శుద్ధిచేసే కాలేయానికి ఆ సమయంలో ఇంకో బరువు పెట్టడం దేనికి?

పిన్నికి రేడియేషన్ ముగిసి ఏడాది దాటింది. పోయిన నెల సీబీసీలో లింఫోసైట్లు 1,150. డాక్టరు చూసి తలూపి, ఫ్లూ టీకా రాసిచ్చారు. ఈసారి ఆ అంకె కింద ఎర్ర గీత నేనే గీశాను.